తవుడికి అమ్మిన పిల్ల

ఈ ఏడు సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై, పడవలన్నీ ఒడ్డెక్కిన వారంలోనే వీరదుర్గ కాకినాడ ఆటో దిగింది. చంకలో ఒక పిల్లాడు, కొంగు పట్టుకుని ఇంకొకడు. చేతిలో బట్టల కొట్టువాళ్ళు ఇచ్చే పెద్ద కవరు. ఆ కవర్లో చీరలు లేవు. తవుడుంది.

నేను అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాను. మా ఆవిడ లోవమ్మ గుమ్మం పక్కన ఎండుచేపలు తిరగేస్తోంది. తలెత్తి కవరు వంక చూసింది. అందులో ఏముందో ఎవరూ చెప్పకుండానే తనకి తెలిసిపోయింది.

"ఏంటే దుర్గా, కోళ్ళకా?" అంది.

"కోళ్ళకి కాదత్తా. నీకు తెలీదా ఎందుకో?"

"నాకేం తెలుసు? నా కోళ్ళు నూకలే తింటాయి. పట్టుకెళ్ళి మీ అత్తగారికివ్వు, గేదెకి పెట్టుకుంటది."

వీరదుర్గ నవ్వబోయింది. నవ్వు రాలేదు. కవరు అరుగు మీద పెట్టబోతే లోవమ్మ చేపల చేత్తోనే దాన్ని పక్కకి నెట్టింది.

"నా గుమ్మం ఎక్కనివ్వను దాన్ని," అంది.

వీరదుర్గ కవరు పట్టుకుని పక్కింట్లోకి, వాళ్ళ అత్తగారింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మా పేట సంగతి తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని తల్లి తనదనుకోకూడదు. అనుకుంటే చావు వాసన పట్టి వస్తుందని భయం. అందుకని ఆ బిడ్డని చేటలో పడుకోబెట్టి, కన్నపిల్లలందరూ బతికున్న ఆడదాని గుమ్మం ముందు పెట్టి, "ఈ బిడ్డ నాది కాదు, కొనుక్కో" అంటుంది. ఆవిడ చేటెడు తవుడు తల్లి కొంగులో పోసి, బిడ్డని లోపలికి తీసుకుపోతుంది. ఇక ఆ బిడ్డ ఆవిడది. బిడ్డ గట్టిపడ్డాక తల్లి మళ్ళీ తవుడు తెచ్చి ఆవిడ కొంగులో పోసి వెనక్కి తీసుకోవాలి. ఆవిడ కొంగు పట్టాలి. పట్టకపోతే బేరం తెగినట్టు కాదు. బేరం తెగకుండా తీసుకుపోతే బిడ్డ దక్కదు. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. మా పేటలో డిగ్రీ చదివినవాడు కూడా తన ఇంట్లో ఉయ్యాల కట్టే రోజు వచ్చేసరికి నవ్వడు.

వీరదుర్గకి మొదటి ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడో కాన్పులో ఆడపిల్ల. లోవమ్మ కన్న నలుగురూ బతికి, ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నారు. పక్కింటి కోడలు చేట పట్టుకుని గుమ్మంలో నిలబడితే కాదంటుందా? తవుడు పోసింది, పిల్లని తెచ్చుకుంది. పాలకి మాత్రం వీరదుర్గ పెరటి దారిన వచ్చి, తల దించుకుని ఇచ్చిపోయేది. పిల్ల మొహం చూసేది కాదు. చూడకూడదని వాళ్ళత్త చెప్పింది.

పిల్ల నడక నేర్చాక ఒకసారి తవుడు తెచ్చింది. లోవమ్మ కొంగు పట్టడానికి సిద్ధపడింది కూడా. ఆ పూటే పిల్లకి జ్వరం కాసి ఫిట్స్ వచ్చాయి. వీరదుర్గ చేట అక్కడే పడేసి, ఏడ్చుకుంటూ పారిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మొగుడు గణేష్‌బాబుకి కాకినాడలో రొయ్యల కంపెనీలో పని దొరికింది, తనూ అందులోనే చేరింది. ఆ తర్వాత ఈ కవలలు. ఎప్పుడైనా వస్తే పిల్లకి గౌను తెచ్చేది. అరుగు మీద పెట్టి, ముట్టుకోకుండా వెళ్ళిపోయేది.

పిల్లకి ఇంట్లో పేరు తవిటమ్మ, బళ్ళో హారతి. ఎనిమిదేళ్ళు. లోవమ్మని అమ్మా అంటుంది, నన్ను తాతా అంటుంది. అమ్మ మొగుడు తాతెలా అవుతాడే అని జనం నవ్వుతారు. "ఆయన జుట్టు చూడండి, మీరే చెప్పండి," అంటుంది. వీరదుర్గ కన్నదని తనకి తెలుసు. ఈ పేటలో ఎవరికి తెలీదు గనక? తెలిసినా, దాన్ని చంద్రుడు ఆకాశంలో ఉన్నాడన్నట్టు చూసేది. ఉంటే ఉన్నాడు, మనకేంటి అన్నట్టు.

కొన్నాళ్ళకి గణేష్‌బాబు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. నేను వాడికి బాబాయి వరస. వచ్చి నా పక్కనే అరుగు మీద కూర్చున్నాడు.

"బాబాయ్, పిన్నికి నువ్వే చెప్పాలి. చాలా ఇబ్బందిగా ఉంది. మేమిద్దరం కంపెనీ బస్సెక్కేస్తే కుర్రాళ్ళని చూసేవాళ్ళు లేరు. మొన్న పెద్దోడు గేటు దాటేసి లారీ కిందకి పోబోయాడు. ఇంట్లో ఓ మనిషుండాలి."

లోవమ్మ లోపల్నించే అడిగింది. "మనిషి కావాలా నాయనా, కూతురు కావాలా?"

"రెండూ ఒకటే కద పిన్నీ."

"బడో?"

"ఇప్పుడు సెలవులే కదా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం. ఆడపిల్లేగా, సంతకం పెట్టడం వచ్చేసింది."

"మీ అమ్మని తీసుకెళ్ళచ్చుగా?"

"మా అమ్మ గేదెనొదిలి రాదు."

"ఓహో. గేదెకైతే మనిషుండాలి. నీ పిల్లలకైతే నా పిల్లుండాలి."

"నీ పిల్లేంటి పిన్నీ? మా పిల్ల."

లోవమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఫిట్సొచ్చిన నాడు భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఎవరి పిల్లనిరా? నువ్వెక్కడున్నావురా ఆ రోజు? రోడ్డు మీద కల్లు పాక దగ్గర కేకేస్తే, వస్తున్నా పదండన్నావు. వచ్చావా?"

వాడు సెల్ తీసి చూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. చేతిలో వల సూది గట్టిగా లాగితే నైలాను తాడుకి వేలు కోసుకుపోయింది. నేను మాట్లాడేవాణ్ణి కాదు. ఇంట్లో నేనున్నానో లేనో తెలియాలంటే దగ్గు వినపడాలి అంటుంది లోవమ్మ. ఆ రోజు మాట్లాడితే మాటతో ఆగనని తెలుసు గనక నోరు మూసుకున్నాను.

పిల్లని బండెక్కించుకుపోవడం వాడికి క్షణం పని. పోలేదు. ధర్మం అడ్డొచ్చి కాదు, వాళ్ళమ్మ అడ్డొచ్చింది. "లోవమ్మ కొంగు పట్టకుండా ఆ పిల్లని గుమ్మం దాటించావంటే, దాని శవాన్ని కూడా నువ్వే మొయ్యాలి," అందిట. అందుకని కొంగు పట్టించే పని పెద్దలకి అప్పగించి, వాడు కాకినాడ వెళ్ళిపోయాడు. వీరదుర్గ కంపెనీలో సెలవు చెప్పి ఇక్కడే ఉండిపోయింది.

రోజూ పొద్దున్నే వచ్చి మా అరుగు చివర కూర్చునేది. కవలలు ఇసకలో దొర్లుతుండేవారు. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది, సముద్రం మీంచి గాలి లేదు. లోవమ్మ మంచినీళ్ళు ఇచ్చేది గానీ మాట కలిపేది కాదు.

ఒకరోజు లోవమ్మ తవిటమ్మకి తల దువ్వుతుంటే వీరదుర్గ ఉండబట్టలేకపోయింది.

"అంత నూనెందుకత్తా? జిడ్డోడుతోంది."

"నూనె లేకపోతే పేలు పడతాయి."

"ఇప్పుడెవరూ అంత గట్టిగా కట్టట్లేదు. కాకినాడలో పిల్లలు..."

"కాకినాడలో పిల్లలు కాకినాడలో ఉంటారు."

లోవమ్మ పొయ్యి మీద కూర చూడటానికి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి వీరదుర్గ ఆ జడ విప్పేసి, మళ్ళీ వదులుగా అల్లుతోంది. పాలు మాన్పించాక దాన్ని ముట్టుకోవడానికి తనకు దొరికిన సాకు అదే అనుకుంటాను. ఐసులో రొయ్యలు వొలిచి వొలిచి ఆమె వేళ్ళ కొనలు తెల్లగా పాచిపోయి ఉన్నాయి. లోవమ్మ చూసింది. వచ్చి, రెండో జడ తన చేతిలోకి తీసుకుంది. ఒకళ్ళు ఇటు, ఒకళ్ళు అటు.

"అబ్బా! నా తల కొబ్బరికాయనుకున్నారా?" అని అరిచింది తవిటమ్మ. "చెరోటీ వేసుకోండి. నాకేం పర్లేదు. మాట్లాడుకోకుండా వెయ్యండి."

ఆ రోజంతా ఒక జడ తాడులా బిగుసుకుని, ఒక జడ ఊడిపోతూ తిరిగింది పేటంతా. చూసినవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టినవాడు కాకినాడలో ఫ్యాను కింద పడుకుని ఉంటాడనిపించింది.

మా పేటకి పెద్ద జానకిరామ్ గారు. మర పడవలు ఆయనవి, ఐసు ఫ్యాక్టరీ ఆయనది, ఒకప్పుడు సర్పంచి. నేను బాగుచేసే వలలు కూడా ఆయనవే. మైకు లేకపోయినా మైకు ముందున్నట్టే మాట్లాడతారు. గణేష్‌బాబు మళ్ళీ వచ్చి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే అందరినీ వలల షెడ్డు కిందకి రమ్మన్నారు.

వేట లేని రోజులు. మగాళ్ళందరూ ఖాళీ. ఖాళీగా ఉన్న మగాళ్ళకి ఆడవాళ్ళ తగువంటే కొత్త సినిమా. ముందు వరసలో చోటు కోసం తోసుకున్నారు. జీళ్ళమ్మేవాడు కూడా వచ్చి ఓ మూల కూర్చున్నాడు.

వీరదుర్గ చేటలో తవుడు పట్టుకుని ఒక పక్క నిలబడింది. లోవమ్మ ఇంకో పక్క. పిల్ల లోవమ్మ వెనకాల. కవలలిద్దరినీ వాళ్ళ నాయనమ్మ దూరంగా చెరో చంకలో అదిమిపట్టుకుంది.

"అమ్మా లోవమ్మా," అని మొదలుపెట్టారు జానకిరామ్ గారు. "నీ మీద ఎవరికీ కోపం లేదు. పెంచావు. బంగారంలా పెంచావు. కానీ కన్నది కన్నదే కదా. నీ వయసూ అయిపోతోంది. కొంగు పట్టు, గొడవ తీరిపోద్ది."

"పట్టనండి."

"ఎందుకు పట్టవు?"

"నా కొంగండి. నా ఇష్టం."

వెనకాల ఎవరో ఈల వేశారు. జానకిరామ్ గారు చెయ్యెత్తి ఆపి, చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. కూలీ తగ్గించే ముందు అదే నవ్వు నవ్వుతారు.

"నీకో కథ చెప్తాను, విను. పూర్వం రాజమండ్రిలో ఓ రాజుండేవాడు. ఆయన దగ్గరికి ఇద్దరాడాళ్ళు ఒక్క పిల్లని పట్టుకుని తగువుకొచ్చారు. ఒకామె నాదంటే ఇంకొకామె నాదని. సాక్ష్యం లేదు, చూసినవాళ్ళు లేరు. రాజేం చేశాడు? నేల మీద గీత గీయించి, పిల్లని గీత మీద నిలబెట్టాడు. చెరో చెయ్యీ పట్టుకు లాగండి, ఎవరి వైపుకొస్తే వాళ్ళదే పిల్లన్నాడు. లాగారు. పిల్ల కెవ్వుమంది. ఆ కేక వినేసరికి ఒకామె టక్కున వదిలేసింది. పోనీలే, దాని దగ్గరైనా బతకనీ అని కూలబడి ఏడ్చింది."

ఇక్కడ ఆగారు. అందరి మొహాలూ ఒకసారి చూశారు.

"ఆ వదిలిందే తల్లి. తల్లంటే లాగేది కాదమ్మా, వదిలేది. ఇప్పుడు చెప్పు. నువ్వు దీనికి తల్లివా, కాదా? తల్లివైతే వదులు."

"అద్గదీ!" అంది షెడ్డంతా.

మా ఆవిడని నేను ఎరుగుదును. తుపాను రోజుల్లో ఇంటి కప్పు లేచిపోతుంటే పిల్లల్ని మంచం కింద తోసి, ఆ వాసాన్ని పట్టుకుని వేలాడిన మనిషి. తిడితే తిరిగి తిడుతుంది, బెదిరిస్తే నవ్వుతుంది. ఆ ఒక్క మాట మాత్రం తనని వంచేసింది. తల దించింది. బొడ్లో దోపుకున్న కొంగు మీదికి చెయ్యి వెళ్ళింది.

ఎంత తేలికగా వంచాడు! కర్రెత్తలేదు, కేకెయ్యలేదు. చిన్నప్పుడు మా అమ్మ దగ్గర ఆ కథ విని నేను కూడా ఏడ్చాను. ఆ కథని ఇలా కొక్కెంలా వాడతారని అప్పుడు తెలీదు.

"కథ అవ్వలేదండి," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు ఎవరిదో అన్నట్టు చూశారు.

"ఏంటి సత్తియ్యా?" అన్నారు జానకిరామ్ గారు.

"ఆమె వదిలేశాక, రాజు పిల్లని ఎవరికిచ్చాడండి?"

"వదిలినామెకే ఇచ్చాడనుకో. అది వేరే సంగతి."

"అదే సంగతండి. మా ఆవిడ వదిలితే, పిల్లని తిరిగి మా ఆవిడకిస్తారా మీరు?"

"అలా ఎలా కుదురుద్ది? ఇదేమన్నా కథా?"

"కథ కాకపోతే చెప్పడం ఎందుకండి?"

ఒకళ్ళిద్దరు నవ్వారు. జానకిరామ్ గారి మొహం ముడుచుకుంది. నాకు అక్కడ ఆగడం చేతకాలేదు.

"ఇంకోటండి. ఆ పిల్లకి తండ్రి లేడా? ఆడాళ్ళిద్దరూ చెరో చెయ్యి పట్టుకు లాగుతుంటే, ఆడెక్కడున్నాడంట?"

"కల్లు పాకలో!" అని వెనకాల్నించి ఎవడో అరిచాడు. షెడ్డు గొల్లుమంది. గణేష్‌బాబు లేచి నిలబడ్డాడు.

"బాబాయ్, నన్నేనా అంటున్నావు?"

"తగిలితే నిన్నే."

నా పెళ్ళిలో కూడా ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడలేదు నేను. ఏం లాభం? జానకిరామ్ గారు చేత్తో గాలిని తుడిచేసి, "కథలకి వంకలు పెట్టకూడదు సత్తియ్యా. లోవమ్మా, నువ్వు మంచిదానివి. పట్టమ్మా," అన్నారు.

లోవమ్మ నా వైపు చూడలేదు. కొంగు లాగి, రెండు చేతులతో పట్టి చాపింది. పాత నేత చీర, అంచు చిరుగు. "నా మూలంగా పిల్ల రెండు ముక్కలవ్వద్దు," అంది. వెనకాల తవిటమ్మ లోవమ్మ చీర పట్టుకుని నిలబడి ఉంది. ఏడవట్లేదు. ఎవరినో కరిచేలా ఉంది.

వీరదుర్గ చేటతో దగ్గరికి వచ్చింది. కొంగుకీ చేటకీ జానెడు దూరం కూడా లేదు. అక్కడ ఆగిపోయింది.

"నేనొదల్లేదేంటత్తా?" అంది, మెల్లిగా.

ఎవరికీ అర్థం కాలేదు.

"నేనూ వదిలానుగా, పుట్టిన్నాడే. నా పిల్లకి నా పాలు దొంగలాగా ఇచ్చాను. మొహం చూడొద్దంటే చూళ్ళేదు. గౌను తెచ్చి అరుగు మీద పెట్టి, ముట్టుకోకుండా పోయాను. బతికితే చాలనుకున్నాను. మరి నాకే రాజూ తెచ్చివ్వలేదేం?"

"అందుకేగా తల్లీ ఇప్పుడిస్తున్నాం," అన్నారు జానకిరామ్ గారు.

"మీరేమిస్తున్నారండి?" గొంతు లేచింది. "ఇది నాతో వస్తే, తెల్లారకుండానే నేను బస్సెక్కేస్తాను. ఆ కుర్రాళ్ళకి అన్నం పెట్టేది ఇదే, ముడ్డి కడిగేది ఇదే, ఆడు గేటు దాటితే తన్నులు తినేది ఇదే. పొద్దుగూకాక రొయ్యల కంపుతో నేనొచ్చి పడిపోతాను. దీంతో మాట్లాడే ఓపిక కూడా ఉండదు నాకు. నాకు కూతురు రాదండి. నా కొడుకులకి ఓ అమ్మొస్తది. ఎనిమిదేళ్ళ అమ్మ. అందుకా నేను దీన్ని చావుకి కనపడకుండా దాచుకుంది?"

అని, పక్కకి తిరిగి, చేట బోర్లించేసింది.

తవుడు ఇసకలో పడింది. గాలికి కొంత లేచి జానకిరామ్ గారి తెల్ల చొక్కా మీద వాలింది. ఎక్కడున్నాయో మా కోళ్ళు, రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి పడ్డాయి. నూకలే తింటాయని లోవమ్మ చెప్పిన కోళ్ళు.

గణేష్‌బాబు రెండంగల్లో వచ్చి వీరదుర్గ చెంప పగలగొట్టాడు. చేట ఎగిరి దూరంగా పడింది. వీరదుర్గ కింద పడలేదు, ఏడవలేదు. వాడు మళ్ళీ చెయ్యెత్తాడు. ఇంత మంది మగాళ్ళం కూర్చున్నాం అక్కడ. సముద్రంలో పోట్లాడే మగాళ్ళం. ఒక్కడు కదల్లేదు.

నేను లేచి మధ్యలో నిలబడ్డాను.

"కొట్టు," అన్నాను.

వాడు నా మొహంలో ఏం చూశాడో నాకు తెలీదు. చెయ్యి దింపేశాడు.

అప్పుడు దొరికింది జానకిరామ్ గారికి గొంతు. "ఏరా, ఆడకూతురి మీద చెయ్యేంట్రా?" అని వాణ్ణి కసిరి, చొక్కా దులుపుకుని, జనం వైపు తిరిగారు. "చూశారా? నేను చెప్పలా? కన్నతల్లి వదిలేసింది! నిజమైన తల్లెవరో తేలిపోయింది."

జీళ్ళమ్మేవాడు మూల నుంచి అడిగాడు. "అయితే కథ ప్రకారం పిల్లని దుర్గమ్మకే ఇవ్వాలి కదండీ?"

జానకిరామ్ గారు నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరవబోతుంటే లోవమ్మ అందుకుంది. అప్పటిదాకా చాపిన కొంగుని విదిలించి నడుముకి చుట్టుకుంది.

"ఇవ్వడానికి నువ్వెవరివయ్యా?"

ఆయన్ని మా పేటలో ఎవరూ ఏకవచనంలో పిలవరు.

"పిల్లేమన్నా నీ వలలో పడ్డ చేపా, వాటాలెయ్యడానికి? దుర్గ నా గుమ్మంలో పెట్టినప్పుడు నువ్వు లేవు, నేను తెచ్చుకున్నప్పుడు నువ్వు లేవు. దానికి జ్వరమొస్తే నీ కారడిగితే డ్రైవరు లేడన్నావు. తల్లి వదలాలంట! లాగమని చెప్పినోణ్ణి ఎవరూ ఏమీ అనరేం? ముందా రాజుని ఓ తన్ను తన్నండి!"

తర్వాత వీరదుర్గ వైపు తిరిగింది. ఆ కోపంతోనే అంది, తిట్టినట్టే అంది.

"ఏడవకే. ఆ కుర్రాళ్ళిద్దరినీ కూడా నా దగ్గర దింపి పో. తవుడక్కర్లేదు."

వీరదుర్గ అప్పుడేడ్చింది.

ఇంటికొచ్చాక నేను లోవమ్మ మీద ఎగిరాను.

"నీకేమన్నా మతి పోయిందా? మోకాళ్ళు పట్టుకుపోయి లేవలేవు. ఆ ఇద్దరు వెధవల్నీ ఎవరు మోస్తారు?"

"మరెవరు చూస్తారు?"

"వాళ్ళ నాన్న."

"ఆడు చూస్తే ఈ గొడవే లేదుగా. అరవకు. ఆ నీళ్ళ కుండకి అడ్డం పెట్టు, ఆళ్ళు ముంచేస్తారు."

నీళ్ళ కుండకి అడ్డం పెట్టాను.

వీరదుర్గ సెలవు అయిపోయిన రోజున ఆటో వచ్చింది. వచ్చినప్పుడు చంకలో ఒకడు, కొంగుకి ఒకడు. వెళ్ళేటప్పుడు ఉత్త చేతులు. కవలలు ఆటో వెనకాల పరిగెత్తబోతే నేను చెరో చేత్తో పట్టుకున్నాను. గింజుకున్నారు, కరిచారు, నా పంచె ఊడగొట్టారు. ఆవిడ ఆటోలోంచి తల బయటికి పెట్టి, "మావయ్యా, చిన్నోడికి చింతపండు పడదు, ఒంటి మీద దద్దుర్లొస్తాయి!" అని అరిచింది. ఇంకేదో కూడా అరిచింది, ఆటో చప్పుడులో వినపడలేదు.

ఇప్పుడు ఆదివారాలు వస్తుంది. పొద్దున్న వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతుంది. ఒక పిల్ల కోసం వచ్చి ఇద్దరిని కూడా ఇచ్చిపోయిన తల్లి. ఆవిడ వచ్చినప్పుడు తవిటమ్మే వెళ్ళి తలకాయ అప్పగిస్తుంది. "ఈయాళ రెండు జడలూ నువ్వే వేసుకో," అంటుంది. ఆవిణ్ణి ఏమని పిలుస్తోందో నేను వినిపించుకోను. అది వాళ్ళిద్దరి సంగతి.

గణేష్‌బాబు రాడు. వాడికి బాధ్యత తీరింది. పొద్దున్న హాయిగా బస్సెక్కుతున్నాడు. వాణ్ణి ఎవరూ ఏ గీత మీదా నిలబెట్టలేదు.

నిషేధం ఎత్తేసిన నాడు పడవలకి పసుపు రాసి, కొబ్బరికాయలు కొట్టారు. కాకినాడ నుంచి చేపల వ్యాపారులు కార్లలో వచ్చారు. జానకిరామ్ గారు వాళ్ళకి ఒడ్డున కుర్చీలు వేయించి, కూల్‌డ్రింకులు ఇప్పించి, మాటల్లో పెట్టారు. నేను బాగుచేసిన వలలు పడవల్లోకి ఎక్కిస్తున్నాను. ఆయన చెప్పేది చెవిన పడింది.

"ఇద్దరాడాళ్ళూ పట్టు పట్టేశారండి. ఎవరి మాటా వినరు. నేనేం చేశాను? కోపం తెచ్చుకోలేదు. ఓ చిన్న కథ చెప్పాను. అంతే! కన్నామె తవుడు పారబోసి, పెంచినామెకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఇవాళ ఇద్దరూ అక్కాచెల్లెళ్ళలా ఉంటారండి. అంతా నా చేతి మీద జరిగింది."

"అబ్బ! మీరే రాజండి!" అన్నాడు ఒక వ్యాపారి.

ఆయన కథలో చెంప దెబ్బ లేదు. పంచె ఊడిన ముసలాడు లేడు. మోకాళ్ళ నొప్పులకి రాత్రుళ్ళు మూలిగే ఆడది లేదు, ఐసులో చేతులు నానబెట్టుకుంటూ వారం చివర కోసం చూసే ఆడది లేదు. ఇద్దరు ఆడవాళ్ళ రెక్కల కష్టం ఆయన నోట్లో కథైపోయింది. ఇకమీదట మా పేటలో పుట్టే పిల్లలకి ఇదే చెబుతారు. అందులో రాజు పేరు జానకిరామ్. నా చేతిలో తాడుని ఆయన మెడకి చుట్టాలనిపించింది. పడవకి కట్టాను.

తవిటమ్మ నీళ్ళ అంచున పిల్లలతో ఆడుతోంది. జానకిరామ్ గారు చూసి కేకేశారు. "ఏమ్మా హారతీ! ఇలా రా!"

వచ్చింది, తడి కాళ్ళతో, ఇసకతో.

"ఇదేనండి ఆ పిల్ల," అని, జేబులోంచి చాక్లెట్ తీసి చూపించారు. వ్యాపారులు కుర్చీల్లో ముందుకి వంగారు. కొంచెం దూరంలో చిన్నవాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ లోవమ్మ కూడా ఇటు తిరిగింది.

"చెప్పమ్మా, వీళ్ళు వినాలి. నీ నిజమైన అమ్మెవరు?"

పిల్ల ఆయన వంక చూసింది. కుర్చీల వంక చూసింది. చాక్లెట్ వంక చూసింది.

"మీకెందుకండి?" అంది.

అని, చాక్లెట్ తీసుకుని, ఒడ్డు మీద పరిగెత్తుకుంటూ పోయింది.